వంకాయ రంగంటే ఏ రంగు

ఇటిక్యాల దగ్గర, మా చేను
ఆగస్టు

ముబ్బూ,

బస్సుల వచ్చిన అట్టపెట్టె ముందు విప్పు, ఉత్తరం తర్వాత చదువు. లేకపోతే అడుగున ఉన్న బెండకాయలు మగ్గిపోతయి.

ఫోన్ చేయొచ్చు గదా అంటవు. మీ మ్యాచింగ్ సెంటర్ ఫోన్ ఎప్పుడు చూసినా స్పీకర్‌లనే ఉంటది. పోయినసారి నేను విత్తన స్వావలంబన గురించి మంచి ఊపులో చెప్తుంటే నడిమిట్ల ఎవరో ఆమె "జాకెట్ లైనింగ్ గుడ్డ మీటర్ ఎంత" అని అడిగింది. మీ మామ ఆమెకే జవాబు చెప్పిండు. అందుకే ఇగ రాతనే.

సంగతేందంటే, నాయిన చేన్ల ఒక పక్క ఇరవై గుంటలు నా చేతికిచ్చిండు. ఇచ్చిండంటే కొట్లాడి తీసుకున్న. ఏటేటా అండ్ల సీడు పత్తి పెట్టేది. నీకు తెల్వనిది గాదు, గద్వాల కాలేజీల మన క్లాసు సగం క్రాసింగ్ కూలికి పోయి వచ్చినోళ్లే. సాయంత్రం ఆడమొగ్గ గిల్లి పుప్పొడి తీసెయ్యాలె, పొద్దున మగపువ్వు తెచ్చి రుద్దాలె, గుర్తుకు ఎర్రదారం కట్టాలె. గింజ కంపెనీకి, నడుం నొప్పి మనకు. మా అమ్మ దేవమ్మ చిన్నప్పటి నుంచి గదే పని. ఆ గొలుసు తెంపాలనే నేను ఈ ఇరవై గుంటల్ల దేశవాళీ కూరగాయలు పెట్టిన. ఒక కరపత్రం వెనక అడ్రసుకు రాసి, తీరొక్క ఇత్తనం తెప్పించుకున్న. కోడిగుడ్డు లెక్క తెల్ల వంకాయ, పచ్చ మీద చారల వంకాయ, నిగనిగలాడే నల్ల వంకాయ, ఎర్ర బెండ. మిరప ఒకటుంది, ముందు మీగడ రంగు, తర్వాత ఊదా, తర్వాత కాషాయం, ఆఖరుకు ఎరుపు. ఒకే చెట్టు మీద నాలుగూ ఉంటయి.

నాయిన ఒక షరతు పెట్టిండు. ఎండకాలం దున్నే నాటికి ఎవలన్న తమంతట తాము మన ఇంటికొచ్చి "దీని ఇత్తనం నాకు కావాలె" అని అడగాలె. నేను బతిమిలాడి అంటగట్టుడు లెక్కకు రాదు. కూరగాయ అడిగినా లెక్కకు రాదు. "కూర తిన్నోడు చెయ్యి కడుక్కొని మర్చిపోతడు, ఇత్తనం అడిగినోడు ఇంట్ల పెట్టుకుంటడు" అన్నడు. ఒక్కరు అడిగితే చేను నాది. అడగకపోతే మల్ల సీడు పత్తి.

ఊర్ల మా చేనుకు అప్పుడే బొమ్మల అంగడి అని పేరు పెట్టిండ్రు. సీడు కంపెనీ తరఫున ఊర్ల పత్తి పెట్టిచ్చే ఆర్గనైజర్ రాఘవేందర్ బండి ఆపి, "ఏంది అఖిలా, పెండ్లి డెకరేషనా" అన్నడు. నేనేమన్ననో రాయ, నువ్వు చదివిన నోటితో నమాజు చదవాలె.

ముందే చెప్తున్న, ఇవి చూసి మురువనీకె పంపలే. అందం అనేది మార్కెట్ ఆడించే ఆట. వండుకొని తిను, రుచి రాయి.

నీ అఖిల


నాగర్‌కర్నూల్, షాపు వెనక అర్ర
ఆగస్టు ఆఖరు

అఖీ,

నీ బెండకాయలు మగ్గలే. మా అత్త గౌసియాబీ దిమాక్ మాత్రం మగ్గింది.

ఎర్ర బెండ చూసి ముందు మురిసింది. "ఇంత ఎరుపు మనం గుడ్డల గూడ చూడలే" అన్నది. పొయ్యి మీద ఏసింది. మూత తీసి చూస్తే అన్నీ పచ్చగున్నయి, మామూలు బెండకాయ లెక్క. గరిట పట్టుకొని షాపులకొచ్చింది. కస్టమర్ల ముందటనే, "నీ దోస్తు కచ్చా రంగు పంపింది. గిసొంటి గుడ్డ మనం అమ్మితే చెప్పుతోని కొడతరు" అన్నది. ఉడికిస్తే ఆ ఎరుపు పోతదని నేనెంత చెప్పినా వినలే. ఇప్పుడు మా ఇంట్ల నీ పేరు కచ్చా రంగు అఖిల.

తినుమన్నవు. తిన్నం, రుచి మంచిగనే ఉంది. కానీ అన్నీ తినలే, కోపం చేయకు. వండకముందు ఒక బెండకాయను అడ్డంగ కోసి వాకిట్ల ఎండల పట్టిన. లోపలంత తెల్లగ, అంచు ఒక్కటే ఎర్రగ, సన్నగ. గద్వాల చీర అంచు తీరు. నీ మిరపకాయలైతే ఒక పళ్లెంల వరుసగ పెట్టిన, మీగడ నుంచి ఎరుపు దాంక. మా షాపుల ఇంత వరుస నూలు రీళ్లల్ల కూడ లేదు.

మాకొక పరేషాన్ ఉన్నది. కొల్లాపూర్ దిక్కు నుంచి ఒకామె ఫోన్ చేసి, చీర మీదికి వంకాయ రంగు జాకెట్ గుడ్డ పంపుమన్నది. మామ ఊదా గుడ్డ పంపిండు. వాపసొచ్చింది. వాళ్ల ఊర్ల వంకాయ పచ్చదట. ఇంకొకామెకు పచ్చ పంపితే అది గూడ వాపసు. ఆమె ఇంట్ల నల్లది వండుతరు. ఫోన్ల ఫోటో పంపుమంటే ఒక్కో ఫోన్ల ఒక్కో రంగు. మామ నబీ సాబ్ తల పట్టుకొని, "వంకాయ రంగంటే ఏ రంగు, యా అల్లా" అన్నడు. నేను పరదా ఎనక నుంచి నీ మూడు వంకాయలు తెచ్చి కౌంటర్ మీద పెట్టిన. "అడిగినోళ్లను వేలు పెట్టి చూపుమనుండ్రి" అన్న. "ఇది గుడ్డల దుకాణమా కూరగాయల బండా" అన్నడు గాని తీయలే. ఆ పూటనే ఒక పెద్దమనిషి భార్య తెల్ల వంకాయ మీద వేలు పెట్టి, "పాలతెలుపు కాదు, సున్నపు తెలుపు కాదు, గీ తెలుపు" అన్నది.

నిన్ను బతిమిలాడుతున్న, వంకాయలు అయిపోవద్దు. వారానికి ఒక్క పెట్టె పంపు.

నీ ముబషిరా

పరదా ఎనక నుంచి అని రాసిన గదా, దాని గురించి ఇంకోసారి రాస్త.


ఇటిక్యాల
అక్టోబర్

ముబషిరా,

పూర్తి పేరు రాసిన అంటే అర్థం చేసుకో, కోపంల ఉన్న.

నేను ఆత్మగౌరవం కోసం పండించిన పంట నీ కౌంటర్ మీద గుడ్డముక్కల పక్కన నమూనా అయి కూసున్నదా? విత్తనం రైతు హక్కు, అలంకారం కాదు అని కరపత్రంల నల్ల అక్షరాల రాసి ఉన్నది. పెట్టె పంపిస్తున్న, ఎందుకంటే కోసి పెట్టిన. కానీ నాకు నచ్చలే.

అసలు కోపం అది గూడ కాదు. విను.

ఇప్పుడు క్రాసింగ్ రోజులు. అమ్మ పొద్దుగాల పోయి మాపటికి వస్తది. మొన్న చేన్ల నీళ్లు పెడుతుంటే తెల్ల వంకాయ సాలుల ఏదో ఎర్రగ కనబడ్డది. మిరపపండు పడ్డదేమో అనుకున్న. దగ్గరికి పోతే దారం. పిందె తొడిమకు ముడి. పక్క చెట్టుకు ఇంకొకటి. సాలు పొడుగుతా ఎర్రదారాలు. నా తోటల, ముబ్బూ. ఏ దారం తెంపాలని నేను ఇదంతా మొదలుపెట్టిన్నో అదే దారం.

అమ్మను అడిగిన. తలెత్తలే. "పొద్దంత గదే పని. ఇంటికొచ్చినా చేతులు ఆగలే బిడ్డా. తెల్లదాని మొగ్గ గిల్లిన, పొద్దున నల్లదాని పువ్వు రుద్దిన" అన్నది.

నా సంగతి నీకు తెలుసు. నోరు జారింది. కంపెనీ నీ చేతులను కూడ కొనుక్కున్నదా అన్న. శుద్ధమైన దేశవాళీ గింజ ఇస్తనని ఊరంత చెప్పుకున్న నా ముఖం ఎట్ల చూపాలె అన్న. సాలు పొడుగుతా నడుచుకుంట దారాలు తెంపిన, పిందెలతోని సహా. అమ్మ గట్టు మీద నిలబడి చూసింది. అప్పటి నుంచి నాతో మాట్లాడుత లేదు. అన్నం పెడుతది, పళ్లెం నా ముందు జరుపుతది, అంతే.

ఈ సంగతి రాఘవేందర్‌కు ఎట్ల తెలిసిందో, "మా క్రాసింగోళ్లల్ల మీ అమ్మ చెయ్యే చెయ్యి. వంకాయలను గూడ ఇడువలే" అని నవ్విండు. ఇత్తనం అడగనీకె ఇప్పటి దాంక ఒక్క పురుగు రాలే. నాయిన సీడు పత్తి మాట మల్ల ఎత్తుతుండు.

అఖిల


నాగర్‌కర్నూల్
నవంబర్

అఖిలా మేడం గారికి,

నేను గూడ కోపంల ఉన్న. నువ్వు ఒక్కదానివే కోపం చేయొచ్చని ఏ కరపత్రంల రాసింది?

నీ పెట్టె వచ్చింది. నమూనా పెట్టొద్దన్నవు గాబట్టి ఒక పూట దాచిపెట్టిన. కస్టమర్లే అడిగిండ్రు, వంకాయలు ఏవని. మల్ల బయట పెట్టిన. ఇగ నీ ఇష్టం.

అమ్మ సంగతి. నాకు పొలం తెల్వదు, ఇత్తనం తెల్వదు. గుడ్డ తెలుసు. షాపులకు నెమలికంఠం రంగు చీరలొస్తయి. దూరం నుంచి చూస్తే ఒక రంగు, కొంగు కదిపితే ఇంకో రంగు. దగ్గరగ పట్టి చూస్తే అండ్ల నెమలికంఠం రంగు దారం ఒక్కటి గూడ ఉండదు. నిలువు దారం ఒక రంగు, అడ్డం దారం ఇంకో రంగు. రెండూ కలిసే కాడ మన కంటికి మూడోది కనబడుతది. మీ గద్వాల చీరనే చూడు. ఒళ్లు నూలు, అంచు పట్టు, మగ్గం మీదనే రెంటినీ కలిపి నేస్తరు. దాన్ని కల్తీ చీర అని ఎవలన్న అన్నరా? దానికోసమే జనం ఎగబడుతరు.

నువ్వన్న మాట కరెక్టో కాదో నాకు తెల్వదు. గింజ శుద్ధంగ ఉండాలంటే ఉండాలెనేమో. కానీ గట్టు మీద నిలబడి చూసింది అని రాసినవు గదా, ఆ ఒక్క వాక్యం నాకు ముద్ద దిగనియ్యలే. ఆమెకు అండ్ల ఏం చూడాలని ఉండెనో నువ్వు అడిగినవా?

నీ మీద మస్తు ప్రేమ ఉండబట్టి గింత రాసిన. లేకపోతే ఒక జాకెట్ ముక్క పంపి ఊకుందు.

ముబషిరా


వనపర్తి బస్‌స్టాండ్
జనవరి

ముబ్బూ,

నాగర్‌కర్నూల్ బస్సు నా ముందే పోయింది. ఎక్కి మీ ఇంటికే వద్దామనిపించింది. ముఖం చెల్లక ఎక్కలే.

ఇక్కడ విత్తనాల ప్రదర్శన పెట్టిండ్రు. నేను బల్ల మీద అన్నీ పరిచిన. వంకాయలు మూడు తీర్లు, మిరపలు, ఎర్ర తోటకూర, చారల పొట్లకాయ. ఒక్కోదాని పక్కన చిన్న పొట్లంల ఇత్తనం. నా బల్ల కాడ ఉన్నంత గుంపు ఇంక ఎక్కడ లేదు. సంబరపడ్డ. జర సేపటికి అర్థమైంది, వచ్చినోళ్లంత ఫోటోలు దిగుతుండ్రు. ఒకాయన మిరపకాయలు చెవికి పెట్టుకొని దిగిండు. ఒకామె, "ఇవి ప్లాస్టిక్‌వా, నిజంవా" అని గోరుతోని గిచ్చి చూసింది. "ఎంత బాగున్నయో" అని అందరు అన్నరు. ఇత్తనం పొట్లం మీద ఎవలి చెయ్యీ పడలే. ఇచ్చిన పొట్లం గూడ ఒకాయన బల్ల మీదనే మర్చిపోయిండు.

నేను కరపత్రం చదివినట్టు గట్టిగ మాట్లాడిన. గుంపు పలచబడ్డది. అందంగ ఉన్నందుకు నాకు ఆ కూరగాయల మీదనే కోపమొచ్చింది, చెప్తే నవ్వుతవు.

(ఇంటికొచ్చినంక రాస్తున్న)

ఇంటెనక స్నానాల బండ కాడ పాత రంగుల డబ్బాలల్ల వంకాయ నారు ఉంది. నేను పోసింది కాదు. అమ్మను చూసిన. నేను దారాలు తెంపిన నాడు ఆకు కింద ఒక్క కాయ మిగిలిందట. దాన్ని పండి పసుపు తిరిగేదాంక చెట్టుకే ఉంచి, ఇత్తనం కడిగి, బూడిదల ఆరబెట్టి, నారు పోసింది. ఇన్ని నెలల్ల మొదటిసారి నాతోని మాట్లాడింది. ఉన్నదున్నట్టు రాస్తున్న.

"నేను పుట్టిన కాడ నుంచి క్రాసింగ్ చేస్తున్న. ఆ గింజ ఏ ఊరికి పోతదో, ఎట్ల మొలుస్తదో, దాని పువ్వు ఏ తీరుంటదో ఒక్కసారి గూడ చూడలే. సంచి కట్టి బండి ఎక్కిస్తరు. నా చేతులు చేసింది నా కండ్లతోని చూద్దామనుకున్న. గంతే."

నారు పీకుదామనే ఒంగిన. పీకలే. ఎందుకో రాయ.

అఖిల


నాగర్‌కర్నూల్, షాపు ముందర
ఫిబ్రవరి

అఖీ,

రంజాన్ గిరాకీ మొదలైంది, నిలబడే రాస్తున్న. ఎందుకు పీకలేదో నువ్వు రాయకపోతే నేను రాస్త. చూడాలనిపించింది. ఒప్పుకో, నీ కరపత్రం నిన్ను కొరకదు.

షాపు ముందర అని పైన రాసిన, గమనించినవా? పరదా సంగతి ఇంకోసారి రాస్త అన్న గదా. మామకు కోడలు కౌంటర్ కాడ కూసునుడు ఇష్టం లేకుండె. నేను ఎనక అర్రల ఫాల్స్ కుట్టుకుంట, రంగు ఏదో పరదా సందుల నుంచి చెప్పేది. నీ వంకాయలు వచ్చినంక కస్టమర్లు, "ఆ కూరగాయలు పెట్టినామె ఎవరు, ఆమెనే పిలువుండ్రి" అని మొదలుపెట్టిండ్రు. మా ఆయన ఉవైస్ సరుకు కోసం పట్నం పోయినప్పుడు ఒక రోజు మామ ఒక్కడే ఉండి అలసిపోయిండు. ముఖం అటు తిప్పుకొని, "రా, నువ్వే చూపు" అన్నడు. అప్పటి నుంచి ముందరనే ఉన్న. ట్యూబ్‌లైట్ కింద కాదు, చీర పట్టుకొని వాకిట్ల ఎండలకు పోయి కలుపుత. గుడ్డ వాపసొచ్చుడు ఆగిపోయింది.

మా అత్త మాత్రం ఇంకా నిన్ను కచ్చా రంగు అనే పిలుస్తది. నీ తెల్ల వంకాయ మీద ఆమెకు పగ. గుడ్లనుకొని బుట్టల నుంచి తీసి ఉడకబెట్టింది.

దేవమ్మ ఆంటీ నారు నాటినవా? కాత రాంగనే మొదటి కాయ నాకే. నాయిన షరతు ఏమైంది?

నీ ముబ్బూ


ఇటిక్యాల
మార్చి

ముబ్బూ,

షరతు అట్లనే ఉంది. ఉగాది దాటినంక ట్రాక్టర్ వస్తదని నాయిన చెప్పిండు. రాఘవేందర్ వచ్చి సీడు పత్తి మాట ఖాయం చేసుకొని పోయిండు. నేను కొట్లాడలే. షరతు ఒప్పుకున్నది నేనే గదా. ఒక్కరు గూడ అడగలే. ఇంకొన్ని రోజులల్ల ఈ సాళ్లు ఉండయి.

అయినా ఈ ఉత్తరం దాని గురించి కాదు. అమ్మ వంకాయ కాసింది.

ఎట్ల చెప్పాలో తెలుస్త లేదు. నా దగ్గర ట్రంకు పెట్టె నిండ కరపత్రాలున్నయి, ఒక్కదాంట్ల ఈ మాటలు లేవు. తొడిమ కింద ముచ్చిక కాడ లేత పచ్చ, కుంచెతోని అద్దినట్టు. ఆడి నుంచి కిందికి గులాబీ కలిసిన ఊదా. దాని మీద తెల్లని గీతలు, ఒకటి సన్నగ, ఒకటి లావుగ, కిందికి పోంగ పోంగ పొగ తీరు కలిసిపోయినయి. ఒక కాయకున్న గీత ఇంకో కాయకు లేదు. పొద్దున మంచు పడ్డప్పుడు చూస్తే లోపల దీపం పెట్టినట్టుంది. తెల్లదాని తీరు కాదు, నల్లదాని తీరు కాదు. నువ్వు చెప్పిన మూడోది.

అమ్మ మొదటి కాయ కోయలే. దాని ముందట గొంతు కూసోని చీరె కొంగుతోని తుడిచింది. "ఇదా" అన్నది. గంతే. మల్ల కొద్దిసేపటికి, "ఇట్లుంటదా" అన్నది. నేను పక్కన కూసున్న. శుద్ధం గురించి, హక్కు గురించి ఏదో చెప్దామని నోరు తెరిచి మూసుకున్న. ఎంత బాగున్నదే అమ్మా అన్న. ఈ మాట నా నోట్లకెళ్లి వచ్చిందని ఎవలికీ చెప్పకు.

నాలుగు కాయలు పంపుతున్న. ఇవి వండకుండ్రి అన, తినకుండ్రి అన. మీ ఇష్టం. చూసినంక మాత్రం ఇది ఏ రంగో ఒక పేరు రాయి. నీకే తెలుస్తది.

అఖిల


నాగర్‌కర్నూల్
ఈద్ అయిపోయినంక

అఖీ,

పేరు దొరకలే. షాపుల ఉన్న రీళ్లన్ని దింపి పక్కన పెట్టి చూసిన. ఊదా పెడితే గులాబీ కావాలంటది, గులాబీ పెడితే పచ్చ అడుగుతది. మామ కండ్లద్దాలు తీసి తుడిచి మల్ల పెట్టుకొని, "ఇది ఒక రీలుతో అయ్యే పని గాదు" అన్నడు. ఆయన నోట్ల నుంచి ఆ మాట వచ్చుడంటే నబీ సాబ్ ఓడిపోయినట్టే.

అసలు ముచ్చట అత్తది. ముందు దూరం నుంచి చూసింది. తర్వాత చేతిలకు తీసుకున్నది. బొటనవేలు తడి చేసి గీత మీద రుద్దింది. రంగు అంటలే. "కచ్చా కాదు" అన్నది. ఒకటి ఈద్ మరునాడు మసాలా పెట్టి వండింది. కూరల రంగు నిలుస్తదా అని అడుగకు, వంకాయ వంకాయనే. కానీ తిని, చెయ్యి కడగకుండనే అడిగింది. "దీని ఇత్తనం ఎవరి దగ్గరుంది?"

అఖీ, మీ నాయిన షరతు గురించి నేను మా ఇంట్ల ఎవలికీ చెప్పలే. మా ఆయనకు గూడ చెప్పలే. చెప్తే అది అడిగించినట్టైతదని మొదటి ఉత్తరం నుంచి దాచిన. ఖురాన్ మీద చెయ్యి పెట్టి చెప్తున్న. ఆమె తనంతట తానే అడిగింది. మా మేడ మీద పాత సింటెక్స్ ట్యాంకు కోసి మట్టి నింపుతదట.

నేను తెప్పిస్త అన్న. "నువ్వు తెప్పిస్తే నీ దోస్తు మల్ల కచ్చాది పంపుతది. నేనే పోయి చూసి తెచ్చుకుంట" అన్నది. ఆపుడు నాతోని కాదు. శుక్రవారం నమాజు అయినంక బస్సెక్కుతది. వనపర్తిల దిగి మారుతది. ఖర్జూరాలు కట్టుకుంటుంది.

ట్రాక్టర్ శుక్రవారం కంటె ముందే రావొద్దని ఇక్కడ నేను దువా చేస్తున్న.

ముబ్బూ


ఇటిక్యాల
ఏప్రిల్

ముబ్బూ,

మీ అత్త ముందు నన్ను చూసి, "నువ్వేనా కచ్చా రంగు" అన్నది. నాకు కోపం రాలే, నవ్వొచ్చింది. ఇది నాకే వింతగ ఉన్నది.

నాయిన అరుగు మీద ఉండె. ఆమె నాయినను దాటుకొని, నన్ను దాటుకొని, చేతులు చూసి గుర్తుపట్టిందో ఏమో, సీదా అమ్మ దగ్గరికి పోయింది. "దేవమ్మా, ఆ గీతల వంకాయ చేసింది నువ్వేనట. దాని ఇత్తనం నాకు కావాలె" అన్నది. నాయిన పొగాకు నలుపుకుంట ఆగిపోయిండు. నాకు గుండెల ట్రాక్టర్ నడుస్తుండె.

అమ్మ ఒప్పుకోలే. తెలుసా, అమ్మ వద్దన్నది. "అక్కా, నీకు అబద్ధం చెప్ప. ఇది క్రాసింగ్ కాయ. దీని ఇత్తనం ఏస్తే దీని లెక్కనే రాదు. ఒకటి తెల్లగ వస్తది, ఒకటి నల్లగ వస్తది, ఒకటి ఏ తీరు వస్తదో నాకు గూడ తెల్వదు. నువ్వు ఇంత దూరం వచ్చి మోసపోవద్దు" అన్నది.

మీ అత్త నడుం మీద చెయ్యేసుకొని అమ్మను ఎగాదిగ చూసింది.

"నాకు నలుగురు పిల్లలు. ఒకడు వాళ్ల నాయిన తీరు, ఒకతి నా తీరు, ఇద్దరు ఎవరి తీరో అల్లాకే తెలుసు. వాపసు ఇచ్చిన్నా?"

అమ్మ నవ్వింది. ముబ్బూ, నేను అమ్మ నవ్వు చూడక ఎన్ని నెలలైందో. ఇద్దరు చేన్లకు పోయిండ్రు. అమ్మ ఒక్కో చెట్టు చూపెట్టింది, మొగ్గ ఎట్ల గిల్లాలో మీ అత్తకు నేర్పింది. మీ అత్త ఎర్ర బెండ కాడ నిలబడి దాన్ని తిట్టింది గూడ. పండిన కాయ పిసికి, ఇత్తనం బట్టల మూట కట్టి, అమ్మ తన చేత్తోని ఇచ్చింది. మూటకు ఎర్రదారం కట్టింది.

నాయిన ఆమెను బస్సు దాంక దింపొచ్చిండు. లెక్కల పడతదా అని అడగనీకె నాకు ధైర్యం చాలలే. ఆయన అన్నది ఊరోళ్ల గురించేనా, బయటోళ్లు అడిగినా లెక్కేనా అని రెండు రోజులు నా మనసుల నేనే వాదించుకున్న. కరపత్రంల లెక్క పాయింట్లు గూడ తయారు చేసుకున్న.

సోమవారం ట్రాక్టర్ వచ్చింది. నేను గట్టు మీద నిలబడ్డ, ఆ రోజు అమ్మ నిలబడ్డ కాడనే. అప్పుడు చూసిన. ఇరవై గుంటల చుట్టూ పుల్లలు పాతి, పుల్ల నుంచి పుల్లకు ఎర్రదారం కట్టి ఉంది. అమ్మ పని. క్రాసింగ్ దారమే, అది ట్రాక్టర్‌ను ఏం ఆపుతది? డ్రైవర్ దిగి నాయినను, "ఏసురత్నమన్నా, ఈ దారమేంది, తెంపాల్నా" అని అడిగిండు.

నాయిన దారం దాంక నడిచి వచ్చి, కాలుతోని కాదు, వేలుతోని దాన్ని మీటి చూసిండు.

"ఈడి దాంకనే దున్ను. అవతలిది నా బిడ్డది" అన్నడు. మల్ల ఆగి, "దాని తల్లిది గూడ" అన్నడు.

రాఘవేందర్‌కు నాయినే చెప్పిండు, మిగిలిన చేన్ల సీడు పత్తి పెడతం, ఇది అడగకు అని. నేను సీడు పత్తికి ఇప్పటికీ వ్యతిరేకమే. వచ్చే ఏటికి ఆ మిగిలినదాని మీద కొట్లాడుత, చూస్తుండు. కానీ ఈ ఏడు అమ్మ పక్కన కూసోని గిల్లుడు నేర్చుకుంటున్న. చారల పచ్చదానికి అమ్మ వంకాయను కలిపి చూద్దామంటుంది. నా మూడు తీర్ల గింజ మాత్రం ఏ తీరుకా తీరు దూరంగ పెట్టి శుద్ధంగనే ఉంచుత, దాని సంగతి దానిదే. నిన్న మన సీడు కూలి ఆడోళ్లు ఇద్దరు సైకిల్ ఆపి గట్టు మీదికొచ్చి, "దేవమ్మా, మాకు గూడ ఒక చిటికెడు" అన్నరు. వాళ్లు గూడ వాళ్ల చేతులు చేసింది ఎన్నడూ చూడనోళ్లే.

పేరు పెట్టలేకపోయినవని బాధపడకు. ఇగ మీ షాపుల ఎవలన్న వంకాయ రంగు అంటే, ఏ వంకాయ అని అడుగు. పేరు వాళ్లనే చెప్పనియ్యి.

ఒక పని చేసి పెట్టు. వచ్చే బస్సుల ఎర్రదారం రీలు పంపు, పెద్దది. అమ్మది చేను చుట్టూ కట్టుడుకే అయిపోయింది, మొగ్గలేమో విచ్చుకుంటున్నయి. మంచిది చూసి పంపు, ఎండకు వెలిసిపోవద్దు. మీ అత్తతోనే రుద్ది చూపియ్యి. కచ్చాది పంపితే వాపసు పంపుత.

నీ అఖి